షెల్ పరిసర చరరాశులు: భాషాపరిశోధన సాధనముల స్థాపనలో వాని ప్రయోజనము

1. విషయప్రస్తావము

హౌరానుండి బర్ధమానునకు పోవు రైలుమార్గమున హౌరా తరువాత వచ్చు మొదటి స్టేషను లిలువా. 1900లో నెలకొల్పబడిన రైల్వే కర్మాగారమువలన ఈ ఊరు ప్రసిద్ధి చెందినది. ఇదే మార్గమున బేలూరు, బాలీ, ఉత్తరపాడా మొదలైన స్టేషనులను దాటి పోయినచో శ్రీరాంపురము వచ్చును. తెలుగు ముద్రణచరిత్రలో శ్రీరాంపురమునకు గల స్థానము విద్వాంసు లెఱిగినదే. 1812లో అగ్నిప్రమాదమునకు గురియైన అచటి మిషను ముద్రణాలయమునుండియే 1814లో విలియం కేరీ ఆంగ్లమున రచించిన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు వెలువడినవి. కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయమున తెలుగు గ్రంథములకు ప్రత్యేక విభాగము కలదు. కావున వంగదేశమున నివసించుచు తెలుగు ప్రాచీనముద్రణములను పరిశీలించు పండితునకు పని కొఱవడదు.

అట్టి పరిశోధకు నొకనిని లిలువాలో ఊహింపవచ్చును. అతడు ప్రాచీనముద్రణముల ఛాయాప్రతులనుండి తెలుగు పదసూచిని సిద్ధము చేయదలచి, క్రొత్త కంప్యూటరుపై మూడు ప్రోగ్రాములను స్థాపించెను. మొదటిది ఛాయాప్రతినుండి అక్షరములను గ్రహించునది. రెండవది వర్ణములను లెక్కించునది. మూడవది పదములను అకారాదిగా పేర్చునది. స్థాపన నిర్విఘ్నముగా ముగిసినదని యంత్రము తెల్పినది. కాని పని ప్రారంభింపగనే అక్షరగ్రాహకము తెలుగు దత్తాంశము కానరాలేదని ఆగిపోయెను. గణకము 'తెలుగు' అను పదమున పదునెనిమిది వర్ణములున్నవని చెప్పెను. పదసూచియందు 'కళ' అను పదము 'కవి' కంటె ముందు నిలిచెను.

ఈ మూటిలో ఏ ప్రోగ్రామునందును దోషము లేదు. దోషము వానికి లభించిన పరిసరమునందున్నది. మొదటి లోపము యంత్రమే ప్రకటించినది గనుక దానివలన కాలము మాత్రము నష్టమగును. రెండవది అసంభావ్యమైన సంఖ్య గనుక కంట బడును. మూడవ దట్టిది కాదు. వేలకొలది పదముల సూచియందు అది ఎవ్వరి దృష్టికిని రాక అచ్చునకు పోవచ్చును. పరిసర చరరాశులను గూర్చి భాషాపరిశోధకు డెఱుగవలసిన అవసరము ఇచటనే ఉన్నది.

ఈ వ్యాసమున చరరాశుల పేర్లు తెలుగు లిపిలో నీయబడినవి. యంత్రమునకు మాత్రము వానిని రోమను లిపిలోని పెద్దయక్షరములతో, పదములనడుమ ఖాళీకి మాఱుగా అడుగుగీతతో అందింపవలెను.

2. షెల్, పరిసరము

యూనిక్స్ కుటుంబమునకు చెందిన కంప్యూటరులలో యంత్రపు వనరులను పాలించు మూలభాగ మొకటి, దానికిని మనుష్యునకును నడుమ నిలిచి ఆజ్ఞలను గ్రహించు భాగ మొకటి ఉండును. ఈ రెండవ భాగమే షెల్. గింజను కప్పియుండు పెంకువలె మూలభాగమును కప్పియుండుటచేత ఈ పేరు సార్థకమైనది. మల్టిక్స్ వ్యవస్థా నిర్మాణకాలమున, 1960లలో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పూజాఁ ఈ పదమును వాడుకలోనికి తెచ్చెను. 1971లో వెలువడిన యూనిక్స్ మొదటి కూర్పునకు కెన్ థాంప్సన్ షెల్ వ్రాసెను. బెల్ ప్రయోగశాలనుండి 1979లో వెలువడిన ఏడవ కూర్పున స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ చేరినది. పరిసర చరరాశులు నేటి రూపమున ప్రవేశించినదియు ఆ ఏడవ కూర్పుతోడనే. బిల్ జాయ్ రచించిన సీ షెల్, 1989లో బ్రయన్ ఫాక్స్ రచించిన బ్యాష్ తరువాత ప్రచారము నొందినవి. ఆపిల్ సంస్థ మ్యాక్ కంప్యూటరులకు 2019నుండి జీ షెల్‌ను సహజముగా అమర్చుచున్నది. వీనిలో వాక్యరచన కొంత భేదించినను మూలసూత్ర మొకటే.

పరిసరమను మాట భాషాశాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. 'వచ్చెను', 'కవి' అను పదములు కలిసినపుడు 'వచ్చెఁ గవి' యగుచున్నది. 'కవి' శబ్దమున ఏ మార్పును లేదు. పూర్వపదము ద్రుతాంతమగుటచేత దాని మొదటి హల్లు సరళమైనది. శబ్దము తానుగా ఏమో తెలిసినంతమాత్రమున ప్రయోగమున దాని రూపము తెలియదు. అది నిలిచిన చోటుకూడ తెలియవలెను. ప్రోగ్రాము విషయమునను ఇంతే. ఒకే ప్రోగ్రాము, ఒకే మూలపాఠము రెండు పరిసరములలో రెండు ఫలితముల నీయవచ్చును. ఆ పరిసరమును నిర్దేశించు పేరు-విలువల జంటలే పరిసర చరరాశులు.

3. నిర్దేశము, అనువృత్తి

బోర్న్, బ్యాష్, జీ షెల్‌లలో చరరాశిని నిర్దేశించుటకు పేరు, సమానచిహ్నము, విలువ — ఈ మూటిని నడుమ ఏ ఖాళీయు లేక వ్రాయవలెను. సంహితయందువలె ఇచట సాన్నిధ్యము నిత్యము. ఖాళీ విడిచినచో షెల్ ఆ పేరును ప్రోగ్రాముగా భావించి, అట్టి ప్రోగ్రాము లేదని చెప్పును. విలువలోపల ఖాళీ ఉన్నచో దానిని ఉద్ధరణచిహ్నములలో బంధింపవలెను. 'తెలుగు గ్రంథములు' అను డైరెక్టరీ పేరు చిహ్నములు లేనిచో రెండు పదములు. చిహ్నములున్నచో సమాసమువలె ఏకపదము. తొలిసారి పనిచేయువారు చేయు పొరపాటులలో ఈ రెండును మిక్కిలి సాధారణములు. సీ షెల్‌లో మాత్రము 'సెట్‌ఎన్వ్' అను ఆజ్ఞతో, సమానచిహ్నము లేకుండ, ఖాళీతోనే వ్రాయుట పద్ధతి.

ఇట్లు నిర్దేశింపబడిన చరరాశి మొదట షెల్‌కు మాత్రమే తెలియును. అది ప్రారంభించు ప్రోగ్రాములకు తెలియదు. తెలియవలెనన్నచో 'ఎక్స్‌పోర్ట్' అను ఆజ్ఞతో దానికి వ్యాప్తి కల్పింపవలెను. ఈ భేదమును పాణినీయ పరిభాషతో సులభముగా గ్రహింపవచ్చును. సామాన్యముగా ఒక సూత్రమున చెప్పబడిన పదము ఆ సూత్రమునకే పరిమితము. అధికారముగా చెప్పబడినచో అది తరువాతి సూత్రములలోనికి అనువర్తించును. ప్రతిచోట మరల చెప్పవలసిన పని లేదు. ఎక్స్‌పోర్ట్ ఆజ్ఞ చరరాశికి అధికారత్వము నిచ్చునది. అటు తరువాత ఆ షెల్‌నుండి పుట్టిన ప్రతి ప్రోగ్రామునకును, దానినుండి పుట్టిన మఱియొక ప్రోగ్రామునకును ఆ విలువ అనువృత్తి పొందును.

అనువృత్తి క్రిందికే గాని పైకి లేదు. జన్యప్రోగ్రామునకు లభించునది జనకుని పరిసరముయొక్క ప్రతి మాత్రమే. ఆ ప్రతిని అది ఎట్లు మార్చుకొన్నను జనకునియందు మార్పు రాదు. ఈ నియమమును తెలియమివలన స్థాపనలో ఒక చిక్కు తఱచుగా కలుగుచున్నది. పెక్కు శాస్త్రీయ సాఫ్ట్‌వేరులతో, అవసరమైన చరరాశులన్నిటిని ఒక్కసారిగా అమర్చు ఫైలు ఒకటి వచ్చును. దానిని సామాన్యప్రోగ్రామువలె నడపినచో అది జన్యముగా పుట్టి, తన ప్రతియందు అన్నిటిని అమర్చుకొని, ముగిసిపోవును; దానితో ఆ అమరికలును ముగియును. జనకమైన షెల్ యథాపూర్వముగా నుండును. అందుచేతనే అట్టి ఫైలును 'సోర్స్' అను ఆజ్ఞతో చదివింపవలెనని సూచనలలో వ్రాయుదురు. ఆ ఆజ్ఞవలన ఫైలులోని వాక్యములను షెల్ తానే తన పరిసరమున నిర్వహించును.

4. పాథ్: అన్వేషణక్రమము

చరరాశులలో అత్యంత ప్రధానమైనది పాథ్. వాడుకరి ప్రోగ్రాముపేరు మాత్రము చెప్పినపుడు దానిని ఏయే డైరెక్టరీలలో, ఏ వరుసలో వెదుకవలెనో ఇది తెల్పును. యూనిక్స్ కుటుంబమున డైరెక్టరీల నడుమ రెండు చుక్కల చిహ్నమును, విండోసున అర్ధవిరామచిహ్నమును ఉంచుదురు. షెల్ ఎడమనుండి కుడికి వెదకుచు, ఆ పేరు మొదట దొరకిన చోటనే ఆగును.

హౌరాలో బయలుదేరిన లోకల్ రైలు లిలువా, బేలూరు, బాలీ అను వరుసలో ఆగుచు పోవును. బేలూరను ఊరు కర్ణాటకమున హాసన మండలమునను కలదు; హొయసల శిల్పమునకు ప్రసిద్ధమైనది అది. 'బేలూరు' అని మాత్రము చెప్పి బయలుదేరినవాడు తాను పట్టిన మార్గమున ఏ బేలూరు ముందు వచ్చునో అచటనే దిగును. చెన్నకేశవాలయమును చూడగోరినవాడు రామకృష్ణ మఠమును చేరును. మండలముతో సహా పేరు చెప్పినచో సందేహము లేదు. ప్రోగ్రాముల స్థితియు ఇట్టిదే. కంప్యూటరుతో వచ్చిన పాత పైథాన్ ఒకటి, పరిశోధకుడు స్వయముగా స్థాపించిన క్రొత్త పైథాన్ ఒకటి ఒకే పేరుతో ఉండవచ్చును. పాథ్‌లో ఏది ముందున్నదో అదియే నడుచును. ప్రోగ్రాముపేరును 'టైప్' అను ఆజ్ఞతో అడిగినచో దొరకినది ఏ చోటిదో షెల్ తెల్పును. పూర్తి మార్గముతో పేరు చెప్పినచో పాథ్‌తో పనియే లేదు.

సమానబలములైన రెండు సూత్రములకు విరోధము వచ్చినపుడు పరసూత్రము నెగ్గునని పాణినీయుల పరిభాష. పాథ్‌నందు దానికి విపరీతముగా పూర్వమే నెగ్గును. కాని ఒకే ఫైలులో ఒకే చరరాశికి రెండు తావుల విలువ నిచ్చినచో తరువాతిదే నిలుచును. ఇచట పరమే బలీయము. ఈ రెండు నియమములను వేఱుగా గుర్తుంచుకొనవలెను.

క్రొత్త డైరెక్టరీని పాథ్‌లో చేర్చునపుడు పూర్వపు విలువనుకూడ వెంట వ్రాయవలెను. మఱచి క్రొత్తదానిని మాత్రము వ్రాసినచో పాతమార్గములన్నియు లుప్తములై, ఫైలుల పట్టికను చూపు సామాన్యప్రోగ్రాముసైతము కానరాదు. కంప్యూటరు చెడిపోయినదని భయపడ నవసరము లేదు. ఆ లోపము ఆ షెల్‌కును దాని జన్యములకును మాత్రమే పరిమితము. ఆ కిటికీని మూసి మఱియొకటి తెఱచినచో పూర్వస్థితి వచ్చును. అమరికల ఫైలులోనే పొరపాటు వ్రాయబడినచో మాత్రము దానిని సవరింపవలెను.

5. దత్తాంశస్థానములు

కొన్ని ప్రోగ్రాములు తమ గ్రంథాలయములను, దత్తాంశములను వెదకుటకు ప్రత్యేక చరరాశులను వాడును. లినక్సున ఎల్‌డీ లైబ్రరీ పాథ్ అట్టిది. నడుచుచున్న ప్రోగ్రామునకు అవసరమైన సహాయభాగములను సాధారణస్థానములకంటె ముందుగా అది చూపిన చోట్ల వెదకుదురు. ఇది బలమైన ఉపాయమే గాని ప్రమాదరహితము కాదు. ఒక ప్రోగ్రాముకొఱకు దీనిని శాశ్వతముగా అమర్చినచో, సంబంధము లేని ఇతర ప్రోగ్రాములకు సైతము తప్పు కూర్పులు లభింపవచ్చును. అవసరమైన ఆజ్ఞకు ముందు, ఆ పంక్తియందే చరరాశిని వ్రాసినచో అది ఆ ఒక్క ప్రోగ్రామునకే వర్తించును. శాశ్వతపు అమరికకంటె ఈ పద్ధతి మేలు.

లిలువా పరిశోధకుని మొదటి చిక్కునకు కారణము ఇట్టి మఱియొక చరరాశి. టెసరాక్ట్ అను అక్షరగ్రాహకము 1980లలో హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థయందు పుట్టి, 2005లో ఎల్లరకు ఉచితముగా విడుదలయై, 2006నుండి గూగుల్ సంస్థ ఆదరణమున వృద్ధి పొందినది. భాషకొక శిక్షితదత్తాంశపు ఫైలు దీనికి కావలెను. తెలుగుఫైలు వేఱు, వంగఫైలు వేఱు. ఆ ఫైలులున్న చోటును టెస్‌డేటా ప్రిఫిక్స్ అను చరరాశి చూపును. మూడవ కూర్పున ఈ చరరాశి దత్తాంశ డైరెక్టరీకి పైనున్న డైరెక్టరీని చూపవలసియుండెను. 2018లో వెలువడిన నాలుగవ కూర్పునుండి దత్తాంశ డైరెక్టరీనే చూపవలెను. చరరాశి పేరు మాఱలేదు, అర్థము మాఱినది. పాత సూచనలను చూచి క్రొత్త కూర్పును అమర్చినవానికి ఫైలు కన్నులయెదుట నున్నను ప్రోగ్రామునకు కానరాదు. శబ్దము నిలిచి అర్థము మాఱుట భాషాచరిత్రయందు సుపరిచితమైన పరిణామమే. పురాతనప్రయోగమునకు అర్థము చెప్పుటకు దాని కాలము తెలియవలసినట్లే, స్థాపనసూచనను పాటించుటకు అది ఏ కూర్పునకు వ్రాయబడినదో తెలియవలెను.

భారతీయలిపులను యంత్రముచేత చదివించు యత్నము ఇటీవలిది కాదు. ముద్రిత తెలుగు వర్ణముల గుర్తింపును గూర్చి రాజశేఖరన్, దీక్షితులు ప్రకటించిన పరిశోధన 1977 నాటిది. హుగ్లీనదికి ఆవలియొడ్డున బరానగరమున నున్న భారత గణాంకసంస్థయందు పాల్, చౌధురి వంగలిపికి సంపూర్ణ అక్షరగ్రాహకమును రూపొందించి 1998లో ప్రకటించిరి. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునుండి నేగి, భాగవతి ప్రభృతులు తెలుగు అక్షరగ్రాహకమును ప్రకటించిరి. ఐనను నేటి ముద్రణపై శిక్షణ పొందిన సాధనము 1814 నాటి అచ్చులను సరిగా చదువునని ఆశింపరాదు. పరిసరము చక్కబడినంతమాత్రమున ఆ కొఱత తీఱదు. పరిసరమువలని దోషమును, సాధనమువలని దోషమును వేఱుపఱచుటకైన మొదట పరిసరమును చక్కబఱుపవలెను.

6. భాషాచరరాశులు: ఉత్సర్గము, అపవాదము

భాషాపరిశోధకునకు ముఖ్యములైనవి లాంగ్ అను చరరాశియు, ఎల్‌సీ అని మొదలగు చరరాశులును. లిపిసంకేతము, పదక్రమము, తేదీలు, సందేశములభాష మొదలైనవి వీనిచేత నిర్ణయింపబడును. ఎల్‌సీ సీటైప్ వర్ణములస్వభావమునకు, ఎల్‌సీ కొలేట్ పదక్రమమునకు, ఎల్‌సీ మెసేజెస్ సందేశములభాషకు సంబంధించినవి.

వీని పరస్పరబలము ఉత్సర్గాపవాదన్యాయమున నడుచును. లాంగ్ ఉత్సర్గము, అన్ని విషయములకును సామాన్యవిధి. ఎల్‌సీ కొలేట్ వంటివి అపవాదములు. తమతమ విషయములందు సామాన్యవిధిని బాధించును. ఎల్‌సీ ఆల్ అన్నిటికంటె బలీయము. అది ఉన్నచో తక్కిన వానిని విచారింపరు. లిలువావాసి లాంగ్ విలువగా భారతీయ వంగభాషను, ఎల్‌సీ కొలేట్ విలువగా భారతీయ తెలుగును నిర్దేశించినచో, యంత్రము వంగభాషలో పలుకుచు, పదములను తెలుగునకు చెప్పబడిన నియమమున పేర్చును. అంతకుముందే ఎవరైన ఎల్‌సీ ఆల్‌ను అమర్చియున్నచో ఈ రెండును నిష్ఫలములు. అమరిక చేసినను మార్పు కనబడనిచో మొదట ఎల్‌సీ ఆల్‌ను పరిశీలింపవలెను.

ఏ విలువయు నీయనిచో, సాధారణముగా 'సీ' అను మూలస్థితి వర్తించును. ఈ స్థితిలో యంత్రమునకు భాషలు లేవు. బైట్లు మాత్రమే కలవు. యూటీఎఫ్-8 సంకేతమున ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు. 'తెలుగు' అను పదమున త, ఎత్వము, ల, ఉత్వము, గ, ఉత్వము అను ఆఱు సంకేతములున్నవి. ఆఱు మూళ్లు పదునెనిమిది. గణకము చెప్పినది ఆ సంఖ్యయే. యూటీఎఫ్-8ను నిర్దేశించినచో ఆ గణకమే ఆఱని చెప్పును. తెలుగువాని లెక్కకు ఆ పదమున అక్షరములు మూడు. ఈ మూడను సంఖ్య ఏ చరరాశిని అమర్చినను ఆ గణకమునుండి రాదు. గుణింతములను సంయుక్తాక్షరములను ఒక్కటిగా గ్రహించు వేఱు ప్రోగ్రాము కావలెను. పరిశోధనపత్రమున 'అక్షరములు ఇన్ని' అని వ్రాయునపుడు ఈ మూటిలో దేనిని లెక్కించిరో చెప్పనిచో ఆ సంఖ్యకు అర్థము లేదు.

పదక్రమముయొక్క స్థితి ఇంకను సూక్ష్మము. తెలుగు వర్ణమాలయందు ళకారము హకారమునకు తరువాత వచ్చును. శకటరేఫము చివరి వర్ణములలోనిది. యూనికోడ్ పట్టికలో మాత్రము, ఇతర భారతీయలిపులతో సామ్యము కుదురునట్లు, ఱకారము రకారమునకు వెంటనే, ళకారము లకారమునకు వెంటనే ఉంచబడినవి. వకారము వాని తరువాతిది. 'సీ' స్థితిలో పదములు ఈ పట్టికవరుసలోనే పేర్చబడును. అందుచేతనే 'కళ' ముందును, 'కవి' వెనుకను వచ్చినవి. నిఘంటుక్రమమున 'కవి' ముందు రావలెను.

తెలుగును నిర్దేశించినంతమాత్రమున సర్వము సరియగునని భావింపరాదు. ఆ భాషానియమము కంప్యూటరున స్థాపింపబడియుండవలెను. లేనిచో పెక్కు ప్రోగ్రాములు ఏ హెచ్చరికయు చేయక 'సీ' స్థితికి మరలును. స్థాపితములైన నియమముల పట్టికను 'లొకేల్' అను ఆజ్ఞతో తెప్పించి చూడవచ్చును. నియమములును కాలమునుబట్టి మాఱుచుండును. లినక్సున పెక్కుచోట్ల వాడబడు జీఎన్‌యూ సీ గ్రంథాలయముయొక్క 2.28వ కూర్పున, 2018లో, పదక్రమనియమములు విస్తారముగా సవరింపబడినవి. దానివలన పూర్వక్రమమున పేర్చియుంచిన దత్తాంశనిధుల సూచికలు క్రొత్తకూర్పుతో పొసగక, వానిని మరల నిర్మింపవలసివచ్చెను. కావున క్రమమును నమ్ముటకు ముందు పరీక్షింపవలెను. ళ, ఱ, క్ష, పూర్ణబిందువు, అరసున్న ఉన్న పదములను ఇరువదింటిని ఏర్చి, తాను ప్రమాణముగా గ్రహించు నిఘంటువు వరుసతో యంత్రపు వరుసను సరిపోల్చుట చాలును. భేదము కనబడినచో తన క్రమమును తానే నిర్వచించుకొను ప్రోగ్రామును వాడుట యుక్తము.

పైథాన్ భాషయందును ఇట్టి విశేషములున్నవి. పైథాన్‌యూటీఎఫ్8 అను చరరాశికి ఒకటి అను విలువ నిచ్చినచో, కంప్యూటరు అమరిక ఎట్లున్నను ఫైలులు యూటీఎఫ్-8 సంకేతమున చదువబడును. 2018లో వెలువడిన 3.7వ కూర్పునుండి ఈ సౌకర్యము కలదు. 2012లో వెలువడిన 3.3వ కూర్పునుండి, క్రమము లేని పదసమితిని నేరుగా ముద్రించినచో వరుస నడపిన ప్రతిసారియు మాఱవచ్చును. పైథాన్‌హ్యాష్‌సీడ్ అను చరరాశికి స్థిరసంఖ్య నిచ్చి దీనిని అరికట్టవచ్చును.

7. అమరికను నిలుపు విధము

షెల్ కిటికీయందు చేసిన అమరిక ఆ కిటికీతో ముగియును. అది నిలువవలెనన్నచో షెల్ ప్రారంభమున చదువు ఫైలులో వ్రాయవలెను. ఆ ఫైలు బ్యాష్‌కు ఒకటి, జీ షెల్‌కు ఒకటి. ప్రవేశసమయమున చదువబడునది ఒకటి, క్రొత్త కిటికీ తెఱచినపుడు చదువబడునది మఱియొకటి. వ్రాసిన పిమ్మట క్రొత్త కిటికీని తెఱచియో, ఆ ఫైలును 'సోర్స్' చేసియో పరీక్షింపవలెను. విండోసున వ్యవస్థాఅమరికల కిటికీలోనో 'సెట్‌ఎక్స్' అను ఆజ్ఞతోనో వ్రాయవచ్చును. ఆ ఆజ్ఞ 1024 వర్ణములకు మించిన విలువను ఖండించును గనుక దీర్ఘమైన పాథ్‌ను దానితో మార్చరాదు.

రెండు సందర్భములలో ఈ ఫైలులు ఆదుకొనవు. నియతకాలమున తానై నడుచునట్లు ఏర్పఱచిన పనులకు లభించు పరిసరము అత్యల్పము. పగలు కిటికీలో సరిగా పేర్చబడిన పదసూచి రాత్రి తానై నడచినపుడు 'సీ' క్రమమున రావచ్చును. దూరపు కంప్యూటరునకు అనుసంధానము చేసినపుడు కొన్ని వ్యవస్థలు భాషాచరరాశులను వెంట పంపును. ఆ కంప్యూటరున తెలుగునియమము లేనిచో మరల 'సీ' స్థితియే. ఇట్టి పనులలో అవసరమైన చరరాశులను పనిఫైలు మొదటనే స్పష్టముగా వ్రాయుట శ్రేయస్కరము.

8. పరిసరము, పాఠపరిష్కరణము

ప్రాచీనకావ్యమును పరిష్కరించు విద్వాంసుడు తాను చూచిన తాళపత్రప్రతులను పీఠికలో పేర్కొనును; ఏ పాఠము ఏ ప్రతిలోనిదో అధోజ్ఞాపికలో చూపును. అట్లు చూపని పరిష్కరణము ఎంత రమ్యమైనను శాస్త్రీయమని అంగీకరింపబడదు. తరువాతివాడు పరీక్షించుటకు అవకాశము లేకపోవుటయే దానికి కారణము. కంప్యూటరు సాయమున సిద్ధమైన పదసూచికిని, పౌనఃపున్యపట్టికకును ఈ న్యాయమే వర్తించును. అవి మూలగ్రంథముయొక్క ఫలితములు మాత్రమే కావు. గ్రంథము, ప్రోగ్రాము, పరిసరము అను మూటి ఫలితములు. మొదటి రెంటిని పేర్కొని మూడవదానిని విడిచినచో, మఱియొక చోట మఱియొకడు అదే గ్రంథముతో, అదే ప్రోగ్రాముతో భిన్నఫలితమును పొందినపుడు ఎవరిది సరియో నిర్ణయింపరాదు.

ఇందులకు చేయవలసిన శ్రమ అల్పము. 'ఎన్వ్' అను ఆజ్ఞ నాటి పరిసరమునంతటిని పట్టికగా చూపును. దానినుండి పాథ్, భాషాచరరాశులు, దత్తాంశస్థానములు గ్రహించి, ప్రోగ్రాముల కూర్పుసంఖ్యలను వేఱుగా చేర్చి, ఫలితములతో భద్రపఱచినచో చాలును. పట్టికను యథాతథముగా ప్రకటింపరాదు; అందు రహస్యపదములు, ప్రవేశసంకేతములు ఉండవచ్చును. వానిని తొలగించిన పిమ్మటనే ఇతరులకు ఈయవలెను.

లిలువా పరిశోధకునకు దత్తాంశస్థానమును నిర్దేశించినంతనే అక్షరగ్రాహకము పనిచేయును. యూటీఎఫ్-8ను నిర్దేశించినచో గణకము ఆఱని చెప్పును. మూడని చెప్పవలసినది తానేయని అతడు గ్రహించును. పదక్రమమును నిఘంటువుతో సరిపోల్చి కుదుర్చుకొన్న పిమ్మట 'కవి' ముందును, 'కళ' వెనుకను నిలుచును. ఆ సూచిని వాడుకొను పండితుడు ఈ అమరికలను ఎన్నడును చూడకపోవచ్చును. కాని తాను వెదకిన పదము ఉండవలసిన చోట కానరానిచో, అది గ్రంథముననే లేదని అతడు నిశ్చయించును. ఆ నిశ్చయము అతని పరిశోధనలోనికి ప్రవేశించును. సూచియందు స్థానము తప్పిన పదము లేని పదముతో సమానము. పరిసర చరరాశులను సరిగా నిర్దేశించి, ఆ నిర్దేశమును ఫలితములతో పాటు ప్రకటించుట పాఠపరిష్కరణధర్మములో భాగమే.